సేవా సంస్థల రాతల్లో మాట మర్యాద

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మహిళా మండలి కానివ్వండి, పిల్లల వసతిగృహం కానివ్వండి, వృద్ధాశ్రమం కానివ్వండి, ఏ సేవా సంస్థ అయినా సేవ ఒక్కటీ చేస్తే సరిపోదు. చేసినదాన్ని గురించి రాయాలి కూడాను. సంవత్సరం చివర నివేదిక రాయాలి. విరాళాలు కోరుతూ విజ్ఞప్తి రాయాలి. ఇచ్చినవారికి కృతజ్ఞతతో ఉత్తరం రాయాలి. ఫొటో కింద రెండు ముక్కలు రాయాలి. ఇప్పుడైతే వాట్సాప్‌లో పెట్టడానికి రోజూ నాలుగు వాక్యాలు రాయాలి. ఈ పని సాధారణంగా ఎవరి మెడకు చుట్టుకుంటుందో మీకు తెలుసు. సభ్యులలో కాస్త దస్తూరీ బాగున్న అమ్మాయికో, బళ్లో తెలుగు చెప్పి రిటైరైన టీచరమ్మకో అప్పజెబుతారు. "నీకు రాయడం వచ్చుగా, నువ్వే రాసెయ్యి" అంటారు. ఎలా రాయాలో మాత్రం ఎవరూ చెప్పరు. అటువంటి అక్కచెల్లెళ్ల కోసమే ఈనాటి నా నాలుగు మాటలు.

ముందుగా ఒక ప్రశ్న వేసుకుందాం. మనం రాసింది ఎవరు చదువుతారు? "దాతలు చదువుతారు, అధికారులు చదువుతారు" అంటారు మీరు. నిజమే. వెనకటికి రెండు వందల ప్రతులు అచ్చు వేయిస్తే, కొన్ని దాతలకు, కొన్ని ఆఫీసులకు పోయి, మిగిలినవి బీరువాలో పడి వుండేవి. ఎవరి కష్టం గురించి రాశామో ఆ మనిషి చేతికి మాత్రం ఆ పుస్తకం వెళ్లేది కాదు. ఇవాళ ఆ పరిస్థితి లేదు. వసతిగృహంలో వున్న పిల్ల తొమ్మిదో తరగతి చదువుతోంది. తనను గురించి మనం రాసింది తానే చదువుకుంటుంది. తాను చదవకపోయినా, ఫొటోతో సహా అది ఆ వూరి ఫోన్లన్నిటిలోనూ తిరుగుతుంది. మర్నాడు బడికి వెళితే పక్క బెంచీ పిల్ల, "నిన్ను చెత్తకుప్ప దగ్గర దొరికిన పిల్ల అని రాశారటే?" అని అడుగుతుంది. ఆ పిల్లకు మనం అన్నం పెట్టాం, పుస్తకాలు కొనిచ్చాం. ఒక్క వాక్యంతో తలెత్తుకోలేకుండా చేశాం.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏ వాక్యం రాసినా, అది ఎవరిని గురించి రాశామో ఆ మనిషి మన ఎదురుగా కుర్చీలో కూర్చుని వుండగా పైకి చదవగలమా అని చూసుకోవాలి. గొంతు తడబడకుండా చదవగలిగితే ఆ వాక్యం వుంచుదాం. "ఈ ముక్క ఆవిడ వింటే ఎలా?" అని ఒక్క క్షణం ఆగామా, ఆ ముక్క కొట్టేద్దాం. తక్కిన సూత్రాలన్నీ ఇందులోంచి పుట్టినవే.

ఇక మన భాషలో వున్న ఒక చిక్కు చెబుతాను. ఇంగ్లీషులో రాసేవారికి ఈ బాధ లేదు. తెలుగులో మనిషికి ఇచ్చే గౌరవం క్రియాపదం చివర కూర్చుని వుంటుంది. వచ్చాడు, వచ్చింది, వచ్చారు - ఈ మూడింటిలో ఏది రాశామన్నది పాఠకుడికి అంతా చెప్పేస్తుంది. మన నివేదికలు ఒకసారి తీసి చూడండి. "దాత శ్రీ ఫలానా గారు విచ్చేసి, తమ అమృత హస్తాలతో దుప్పట్లు అందజేశారు. ఒక ముసలిది దుప్పటి తీసుకుని ఏడ్చింది." దుప్పటి ఇచ్చినాయన విచ్చేశారు, తీసుకున్నావిడ ఏడ్చింది. ఆవిడ వయసు 75, ఈయన వయసు 40 అయినా సరే! మన ఇంట్లో ఆ వయసు పెద్దావిడను చుట్టాల ముందు ఇలా అంటామా? ఒకే పేజీలో ఇచ్చినవారికి "రు", పుచ్చుకున్నవారికి "ది", "డు" వాడితే, మనం ఏమీ అనకుండానే ఒకరిని పీట మీదా ఒకరిని నేల మీదా కూర్చోబెట్టినట్టు.

దీనికి మందు తేలిక. పెద్దవాళ్లెవరైనా సరే, ఇచ్చినవారైనా తీసుకున్నవారైనా, ఒకే మర్యాద. "పెద్దావిడ దుప్పటి తీసుకున్నారు" అని రాద్దాం. చిన్నపిల్లల దగ్గర మాత్రం "పాప వచ్చింది", "బాబు చదువుతున్నాడు" అంటేనే సహజంగా వుంటుంది. పదేళ్ల పిల్లను "వచ్చారు" అంటే నవ్వు వస్తుంది. ఇంకొక మాట. కొన్ని ప్రాంతాల్లో మాట్లాడేటప్పుడు తల్లినైనా తాతనైనా చనువుగా ఏకవచనంలోనే అంటారు. అందులో అగౌరవం ఏమీ లేదు, ప్రేమే వుంది. కాని ఆ ప్రేమ గొంతులో వినపడుతుంది, అచ్చులో వినపడదు. అచ్చు అక్షరానికి గొంతు లేదు గనక, అక్కడ "రు" వుండడమే క్షేమం.

ఇప్పుడు పేర్ల సంగతికి వద్దాం. మాటలు పుట్టినప్పుడు మంచివే అయినా, లోకం వాడిన తీరు వల్ల పాడైపోతూ వుంటాయి. మనకందరికీ తెలిసిన ఉదాహరణ "విధవ". భర్తను పోగొట్టుకున్న స్త్రీ అని మాత్రమే దాని అర్థం. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయన ఎంత పోరాడినా, ఆ మాటకు పట్టిన మకిలి మాత్రం వదలలేదు. "వెధవ" అనే రూపంలో అది తిట్టయి, చివరికి మగపిల్లలను కూడా తిట్టడానికి పనికొచ్చింది! ఒక స్త్రీకి వచ్చిన దుఃఖాన్ని తిట్టుగా మార్చిన భాష మనది. అందుకని "వితంతువు" అన్నారు. తెలంగాణలో 2017లో పింఛను ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, భర్త వదిలేసినవారికీ పెళ్లికానివారికీ "ఒంటరి మహిళలు" అనే మాట వాడారు. మన నివేదికలో అసలు ఆ ప్రసక్తి అవసరమా అన్నది కూడా ఆలోచించాలి. ఆవిడ కుట్టుపని నేర్చుకున్నారని చెప్పడానికి భర్త వున్నాడో లేడో చెప్పనక్కరలేదు. మగవారు వడ్రంగం నేర్చుకుంటే "భార్య లేని ఫలానా" అని రాయం కదా!

శరీరంలో లోపం వున్నవారి విషయంలో మన భాష మరీ మొరటుది. కుంటివాడు, గుడ్డిది, చెవిటిమాలోకం - ఇవి సామెతల్లోనూ, తిట్లలోనూ కూడా వున్నాయి. "గుడ్డెద్దు చేలో పడ్డట్టు", "చెవిటివాడి ముందు శంఖం వూదినట్టు" అని మనకు తెలియకుండానే రాసేస్తాం. మామూలు కథలో ఎలా వున్నా, అంధ బాలికల పాఠశాలకు చందా కోరే కాగితంలో "గుడ్డిగా నమ్మవద్దు, లెక్కలు చూసి ఇవ్వండి" అని రాస్తే ఎలా వుంటుంది? బధిరులను "మూగ, చెవిటి" అని కలిపి రాయడం మరొక అలవాటు. చెవులు వినపడకపోయినంత మాత్రాన వారు మూగవారు కారు. చేతులతో మాట్లాడే భాష ఒకటి వుంది, దానికి వ్యాకరణం వుంది.

ఇక్కడ చట్టాల మాట కూడా కాస్త చెప్పాలి. చట్టాలు కూడా మాటలు మార్చుకుంటూ వచ్చాయి. మతి చలించినవారి కోసం 1912లో ఇంగ్లీషువారు చేసిన చట్టానికి పేరే పిచ్చివాళ్ల చట్టం. 1987లో అది మానసిక ఆరోగ్య చట్టం అయింది. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. వికలాంగుల చట్టం 1995లో వచ్చినప్పుడు ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. అందులో పాత "బుద్ధిమాంద్యం" పోయి "మేధో వైకల్యం" వచ్చింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా, తీర్పుల్లో స్త్రీల గురించి వాడకూడని మాటలేవో, వాటికి బదులు ఏవి వాడాలో పట్టిక వేసి ఒక చేతిపుస్తకం వెలువరించింది. న్యాయమూర్తులకే మాటల పట్టిక కావలసి వచ్చినప్పుడు మనకు అక్కరలేదంటే ఎలా?

కుష్టు వ్యాధి సంగతి చూడండి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసింది. రకాన్ని బట్టి ఆరు నెలలో, పన్నెండు నెలలో మందు మింగితే జబ్బు నయమవుతుంది. మందు ఉచితం. అయినా నలభై ఏళ్ల కిందట నయమైన మనిషిని కూడా మనం "కుష్టు రోగి" అనే రాస్తాం. మలేరియా వచ్చి తగ్గినవారిని జీవితమంతా మలేరియా రోగి అంటామా? 1898 నాటి కుష్టు రోగుల చట్టం 2016లో రద్దయింది. ఆ జబ్బు వుంటే విడాకులు ఇవ్వవచ్చుననే నిబంధనను మన వివాహ చట్టాల నుంచి 2019లో తీసేశారు. చట్టం వదిలిపెట్టిన ముద్రను మన నివేదిక పట్టుకుని వేలాడకూడదు.

ఇంగ్లీషులో "మనిషి ముందు, జబ్బు తరువాత" అని ఒక సూత్రం చెబుతారు. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి తెస్తే కుదరదు. మన భాషలో విశేషణం ఎప్పుడూ ముందే వస్తుంది. మనం చూసుకోవలసింది వాక్యం చివర మనిషి మిగిలాడా లేదా అని. "హెచ్.ఐ.వి. రోగి" అంటే జబ్బే మనిషై కూర్చుంది. "హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న తల్లి" అంటే చివరికి తల్లి మిగిలింది. "కుంటివాడు" అంటే కాలు తప్ప ఇంకేమీ లేదు. "కాలికి పోలియో వచ్చిన కుర్రవాడు" అంటే కుర్రవాడు వున్నాడు. మనిషి, స్త్రీ, పిల్లవాడు, తల్లి, రైతు - ఈ మాటల్లో ఒకటి వాక్యంలో నిలబడేటట్టు రాస్తే సగం తప్పులు పోతాయి.

"మరి ఏ పేరు మంచిది? వికలాంగులా, దివ్యాంగులా, విభిన్న ప్రతిభావంతులా?" అని మీరు అడగవచ్చు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో "దివ్యాంగులు" అనే మాట సూచించారు. ప్రభుత్వ శాఖల పేర్లలోకి కూడా అది వచ్చింది. ఐతే ఆ వర్గానికి చెందిన సంఘాలు కొన్ని, "మాలో దివ్యత్వం ఏమీ లేదు, మాకు కావలసింది మెట్ల పక్కన వాలుదారి, బస్సులో చోటు" అని అభ్యంతరం చెప్పాయి. కొందరికి ఆ మాట నచ్చింది కూడాను. ఇటువంటిదే పాత కథ మరొకటి వుంది. గాంధీగారు మంచి మనసుతోనే "హరిజన" అన్నారు. 1933లో ఆ పేరుతో పత్రిక కూడా పెట్టారు. కాని ఎవరిని అలా అన్నారో వారిలో చాలామందికి అది నచ్చలేదు, అంబేద్కరుగారు ఒప్పుకోలేదు. కుల ధ్రువపత్రాల్లో ఆ మాట రాయవద్దని 1982లో కేంద్ర ప్రభుత్వం చెప్పింది. వారు తమకు తాము ఎంచుకున్న మాట "దళితులు". ఇందులో నీతి ఏమిటంటే, పేరు పెట్టేవారి మనసు ఎంత మంచిదైనా, పెట్టించుకునేవారిని ఒకమాట అడగాలి. "మిమ్మల్ని ఎలా రాయమంటారు?" అని అడగడానికి ఖర్చేమీ లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. కార్యదర్శిగారో కోశాధికారిగారో అంటారు: "అమ్మా, నీవు చెప్పేది బాగానే వుంది. కాని కన్నీళ్లు పెట్టించకపోతే చందా రాదు." ఈ మాటను తేలికగా కొట్టివేయలేం. నెల తిరిగేసరికి బియ్యం బస్తాలు రావాలి, కరెంటు బిల్లు కట్టాలి. జాలి పుట్టించే రాత డబ్బు తెస్తుందన్నది అబద్ధం కాదు. కాని ఆ జాలి దాత మనసులో ఒక్కసారి మెదిలి పోతుంది. ఆ మాట మాత్రం ఆ మనిషి మీద వుండిపోతుంది. పైగా, ఎప్పుడూ ఏడుపే చదివిన దాత, "ఇన్నేళ్లు ఇచ్చినా వీళ్ల బతుకు ఇంతేనా?" అని విసిగిపోతాడు.

రెండు రకాలుగానూ రాసి చూద్దాం. మొదటిది: "అభాగ్యురాలైన ఈ నిరుపేద విధవ, మా సంస్థ దయాదాక్షిణ్యాల వల్ల నేడు నాలుగు మెతుకులు తినగలుగుతున్నది." రెండోది: "భర్త పోయాక ఇద్దరు పిల్లలతో ఆవిడ పుట్టింటికి వచ్చారు. మా కేంద్రంలో ఆరు నెలలు కుట్టుపని నేర్చుకున్నారు. మిషనుకు సగం డబ్బు సంస్థ ఇచ్చింది, తక్కిన సగం ఆవిడ వాయిదాల మీద కడుతున్నారు. ఇప్పుడు రోజుకు నాలుగు జాకెట్లు కుడుతున్నారు. ఇంకా ఐదుగురు మిషను కోసం ఎదురు చూస్తున్నారు." మొదటిదాంట్లో మెతుకులు తప్ప సమాచారం లేదు. రెండోదాంట్లో కష్టం వుంది, పని వుంది, లెక్క వుంది, దాత చేయవలసింది కూడా వుంది. ఇక్కడ భర్త సంగతి కథకు అవసరం గనక వచ్చింది, అదీ ఆవిడ ఒప్పుకుంటేనే. కష్టాన్ని దాచమని నేను అనడం లేదు. ఆకలిని ఆకలి అనే రాయండి. కాని ఆకలి వేసిన మనిషిని దీనురాలు, అభాగ్యురాలు అని మనం ముద్ర వేయనక్కరలేదు. వాక్యానికి కర్త ఎవరో చూసుకోండి. ప్రతి వాక్యంలోనూ "సంస్థ ఇచ్చింది, సంస్థ చేసింది, సంస్థ ఉద్ధరించింది" అని వుంటే, అది సంస్థ ఆత్మకథ అవుతుంది.

ఫొటోల సంగతీ అంతే. అరటిపండు ఒకటి, దాన్ని పట్టుకున్న చేతులు ఏడు! అందరూ కెమెరా వైపు చూస్తూ వుంటారు. పండు పుచ్చుకునే మనిషి మాత్రం నేల చూస్తూ వుంటుంది. ఆ ఫొటో తీసేముందు ఆ మనిషిని అడిగామా? పిల్లల విషయంలో ఇది మర్యాదతో ఆగదు, చట్టం దాకా వెళుతుంది. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షను ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో - గుర్తు పట్టగలిగే ఏ వివరమూ ప్రచురించకూడదు. ప్రచురిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. హెచ్.ఐ.వి. వున్నవారి సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. పేరు మార్చి రాశాం కదా అనుకుంటాం. కాని వూరి పేరు, తండ్రి వృత్తి, ఫలానా సంవత్సరం వరదల్లో ఇల్లు కొట్టుకుపోయిందన్న సంగతి రాస్తే, ఆ వూళ్లో గుర్తు పట్టనివారెవరు? పేరుతో పాటు ఆనవాళ్లు కూడా తీసేయాలి.

చివరగా భాష తేలిక గురించి రెండు ముక్కలు. ఇంగ్లీషు నివేదికను పక్కన పెట్టుకుని మాటకు మాట దింపితే తమాషాలు జరుగుతాయి. "తల్లుల ఆరోగ్యంలో జోక్యం చేసుకున్నాము" అని రాస్తే, అత్తగార్లు చేసే పని మనం కూడా చేశామనుకుంటారు! "గర్భిణులకు నెలనెలా పరీక్షలు చేయించాము" అంటే చాలు. "సామర్థ్య నిర్మాణం జరిగింది" అనేకంటే "లెక్కలు రాయడం నేర్పాము" అంటే అందరికీ తెలుస్తుంది. "దుప్పట్లు పంపిణీ చేయబడినవి" అనే "బడు" వాక్యాలు మానేసి, ఎవరు చేశారో చెప్పండి. "వేలాదిమంది" అనకండి, 47 మందైతే 47 అనే రాయండి. చిన్న అంకె అని సిగ్గుపడనక్కరలేదు, నమ్మకం అక్కడే పుడుతుంది. మిలియన్లు వద్దు, లక్షలు, కోట్లే మనవి.

ఇవన్నీ గుర్తు పెట్టుకోవడం ఎలా అంటారా? మీ ఆఫీసులో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఒక పక్క వాడకూడని మాట, ఎదురుగా వాడవలసిన మాట రాయండి. కొత్తగా రాతపని చేపట్టిన అమ్మాయికి ముందు ఆ పుస్తకం ఇవ్వండి. ఏడాదికి ఒకసారి తిరగేయండి, ఎందుకంటే ఇవాళ మంచిదనుకున్న మాట పదేళ్లకు పాడైపోవచ్చు. ఆ పట్టిక వేసేటప్పుడు మీ సంస్థలో సహాయం పొందుతున్నవారిలో ఇద్దరినైనా దగ్గర కూర్చోబెట్టుకోండి. ఏ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో వారికి తెలిసినంత బాగా మనకు తెలియదు.

అన్నం వడ్డించేటప్పుడు విస్తరి ముందు మంచినీళ్లు చల్లి, తుడిచి, తరువాతే వడ్డిస్తాం. పెట్టే అన్నం ఎంత ముఖ్యమో, పెట్టే తీరు కూడా అంత ముఖ్యమని మన పెద్దవాళ్లు నేర్పిన మర్యాద అది. రాతలోనూ ఆ మర్యాద పాటించుదాం.